పుదుచ్చేరి తీరిక

పుదుచ్చేరిని విశ్రాంతి కోసం ఎవరూ కట్టలేదు. 1674లో ఫ్రాన్స్వా మార్టిన్ ఇక్కడ దిగింది నూలుబట్టల బేరానికి. బీజాపూర్ సుల్తాను తరఫున వలికొండపురం నుంచి ఈ ప్రాంతాన్ని ఏలుతున్న షేర్ ఖాన్ లోడీ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి తీరాన కాస్త చోటిచ్చాడు. నేతగాళ్లు, అద్దకంవాళ్లు, దుబాసీలు, వడ్డీ వ్యాపారులు వచ్చి చేరారు. కోట లేచింది, ఫిరంగులు వచ్చాయి. మరో డెబ్బై, ఎనభై ఏళ్లకు ఈ రేవుపట్నం దక్కనునంతా తన చెప్పుచేతల్లో పెట్టుకోవాలని చూసి, చేయి కాల్చుకుంది. ఇవాళ మాఘ ఫాల్గుణాల్లో, చలి తగ్గి ఎండలు ముదరకముందు, నాలుగు రోజులు ఫోను పక్కన పడేసి నడవడానికీ, చదువుకోవడానికీ, ఊరికే కూర్చోవడానికీ జనం వెతుక్కుంటూ వచ్చే ఊరు ఆ ఓటమి తర్వాత మిగిలినదే.

ఈ ఊళ్లో దారి తప్పడం కష్టం. వీధులన్నీ తిన్నగా సముద్రం వైపుకో, సముద్రానికి సమాంతరంగానో సాగుతాయి. ఈ తిన్నదనం ఫ్రెంచివారి చలవ అనుకుంటారు గానీ మొదటి గీతలు డచ్చివారివి. 1693లో వారు ఊరిని పట్టుకుని, నేతగాళ్లను వరుస వీధుల్లో స్థిరపరచాలని పటాలు గీయించారు. 1697 నాటి రిస్విక్ సంధి ప్రకారం పట్నం ఫ్రెంచివారికి తిరిగి దక్కాల్సి వచ్చింది. 1699లో మార్టిన్ మళ్లీ అడుగు పెట్టేసరికి ఊరికి ఓ రూపురేఖ ఏర్పడి ఉంది. ఆయన దాన్నే కొనసాగించాడు.

18వ శతాబ్దపు పుదుచ్చేరిలో తీరిక ఎలా ఉండేదో చెప్పగల మంచి సాక్షి ఆనందరంగ పిళ్లై. గవర్నర్ డూప్లేకి ముఖ్య దుబాసీ అయిన ఈయన 1736 నుంచి పాతికేళ్లు దినచర్య రాశాడు. అందులో రాజకీయం ఎంత ఉందో వక్కల కొట్టు ముచ్చట అంత ఉంది. ఆయన కోటలో గవర్నరు దగ్గర హాజరు వేయించుకుని వచ్చి కూర్చునేది ఆ కొట్టులోనే. ఊరి వార్తలన్నీ అక్కడికే చేరేవి. గవర్నరు ఊరి బయట మొరట్టాండి చావడికి వెళ్లి విడిది చేయడం, సలాములు, ఫిరంగి మోతలు, పెళ్లి ఊరేగింపులు, ఎవరి మేనాకు ఎవరు దారివ్వాలన్న తగువులు కూడా అందులో చోటు చేసుకున్నాయి. తెలుగువారికి ఈయన మరో రకంగానూ దగ్గరివాడు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఈయన పేరిటే ‘ఆనందరంగరాట్ఛందము’గా వెలయించాడు. తమిళ పట్నంలో, ఫ్రెంచి కొలువులో ఉన్న వర్తకుడు తెలుగు లక్షణ గ్రంథానికి ఆదరువైన కాలం అది. పని ముగిశాక పెద్దింట కాలక్షేపమంటే కవులూ పండితులూ చేరిన కొలువే.

అయితే ఆ పట్నం ప్రశాంతమైనది మాత్రం కాదు. డూప్లే ఏలుబడి 1742 నుంచి 1754 దాకా సాగింది. ఆయన పంపిన సేనాని బుస్సీ దక్కనులో నిజాములను నిలబెట్టాడు, ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి రాబట్టాడు. 1757 జనవరిలో విజయరామరాజు వెంట బొబ్బిలి కోట మీదికి వెళ్లింది ఈ బుస్సీయే. బొబ్బిలి కథ పాడేవాళ్లు శపించే ఆ దొర చివరి రోజులు పుదుచ్చేరిలోనే గడిచాయి. 1785లో ఇక్కడే చనిపోయాడు. ఆయన పేరు పెట్టిన వీధికి ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి పేరున్నా, ఊళ్లోవాళ్లకు అది ఇంకా బుస్సీ వీధే.

1758లో ఫ్రెంచి సేనాని లాలీ కడలూరు దగ్గర ఇంగ్లీషువారి సెయింట్ డేవిడ్ కోటను నేలమట్టం చేశాడు. మూడేళ్లు తిరక్కుండానే బదులు తీరింది. నెలల తరబడి ముట్టడి తర్వాత 1761 జనవరి 16న పుదుచ్చేరి కల్నల్ ఐర్ కూట్‌కు లొంగిపోయింది. ఇంగ్లీషువారు కోటనీ, గవర్నరు భవనాన్నీ, తెల్లవారి పేటలోని ఇళ్లనూ పునాదులతో సహా పెకలించారు. ఆనందరంగ పిళ్లై కన్నుమూసింది కూడా ఆ నెలలోనే. అందుకే ఈ ఊళ్లో ‘మూడువందల ఏళ్ల నాటి ఫ్రెంచి ఇళ్లు’ అని చూపించే గోడల్లో చాలా వరకు 1765 తర్వాత లేచినవే. ఆ ఏడాది జాన్ లా ద లారిస్టన్ తిరిగొచ్చి, పాత వీధుల గీతల మీదే ఊరిని మళ్లీ కట్టించాడు. తరువాత కూడా ఇంగ్లీషువారు 1778లో ఒకసారి, 1793లో ఒకసారి పట్టుకున్నారు. చివరికి 1816లో ఫ్రెంచివారికి శాశ్వతంగా అప్పగించినప్పుడు ఒక షరతు ఉంది: కోటలు కట్టకూడదు, ఊరి కాపలాకు సరిపడా తప్ప సైన్యం ఉంచకూడదు.

ఊరి ప్రశాంతతకు అసలు కారణం ఈ షరతే. కోట ఉన్న చోటు ఖాళీగా ఉండిపోయింది, అక్కడే ఇప్పుడు భారతి పార్కు ఉంది. ఊరి చుట్టూ ఉన్న ప్రాకారాలు పోయి, వాటి జాడనే బులెవార్డులు వచ్చాయి. దండయాత్రలకు దారి మూసుకుపోయిన గవర్నర్లకు ఇక చేయడానికి మిగిలింది ఊరిని చక్కదిద్దడమే. 1826లో వచ్చిన దెబాసిన్ ద రిష్‌మాన్ రెండేళ్లే ఉన్నా, కాలేజీ, పబ్లిక్ లైబ్రరీ, వృక్షోద్యానం ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. 1827లో ఆరంభమైన ఆ లైబ్రరీయే నేటి రోమా రోలా గ్రంథాలయం. ఉద్యానాన్ని వేసింది మాత్రం షికారు కోసం కాదు. వేరే దేశాల మొక్కలు ఈ నేలలో ఎలా పెరుగుతాయో చూడడానికి, పట్టు, నీలిమందు వంటి పంటలు లాభిస్తాయేమో తేల్చడానికి వేశారు. సామ్యూల్ పెర్రొత్తే అనే వృక్షశాస్త్రవేత్త చాలా ఏళ్లు దాన్ని సాకి, 1870లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ప్రయోగాలు ఆగిపోయాయి, చెట్లు మిగిలాయి. వాటి నీడనే జనం కూర్చుంటున్నారు.

భారతి పార్కు నడుమ ఉన్న తెల్లని ఆయి మండపానికీ అలాంటి చరిత్రే ఉంది. మంచినీటి కోసం చేసిన పనికి అది గుర్తు. దాని వెనుక చెప్పుకునే కథలోకి మన కృష్ణదేవరాయలే వస్తాడు. రాయలు ఈ దారిన పోతూ దీపాలు వెలుగుతున్న ఇంటిని గుడి అనుకుని చేతులు జోడించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి కోపించి, కూల్చమన్నాడట. ఆ పని తన చేతులతోనే చేస్తానని వేడుకున్న ఆయి, ఇల్లు పడగొట్టి అక్కడ చెరువు తవ్వించిందట. కథలో నిజమెంతో గానీ, మూడో నెపోలియన్ కాలంలో ముత్తిరైయర్‌పాళయం వైపు నుంచి పట్నానికి నీళ్లు తెచ్చినప్పుడు ఆ నీటికి మూలమైన ఆమె పేర మండపం కట్టారు. ఫ్రెంచి చక్రవర్తి ఏలుబడిలో ఓ తమిళ వేశ్యకు స్మారకం లేవడం విడ్డూరమే. ఊళ్లో ఉన్న స్మారకాలన్నిటిలో జనానికి ప్రీతిపాత్రమైనదీ అదే.

సాయంకాలపు షికారు అలవాటు కూడా ఈ శాంతికాలంలోనే స్థిరపడింది. సముద్రపు ఒడ్డు దారిని ఆ రోజుల్లో ‘కూర్ షాబ్రోల్’ అనేవారు. 1836లో అక్కడ దీపస్తంభం వెలిగింది, 1860లలో ఇనుప వంతెన రేవు కట్టారు. ఎండ తగ్గాక దొరలూ దొరసానులూ ‘పుస్ పుస్’ అనే బండ్ల మీద అక్కడికి చేరేవారు. వెనక నుంచి మనుషులు నెడుతుంటే, ముందు కూర్చున్నవారు పిడి పట్టుకుని బండిని తిప్పుకునేవారు. షికారు ఒకరిది, చెమట మరొకరిది. పాత పోస్టుకార్డుల మీద ఈ బండి బొమ్మలు చాలా కనిపిస్తాయి.

ఊరు రెండు పేటలుగా చీలింది. నడుమ కాలువ. తూర్పున సముద్రం వైపు తెల్లవారి పేట, పడమట తమిళుల పేట. రెండు చోట్లా ఇళ్లు విశ్రాంతికి అనువుగానే కట్టుకున్నారు గానీ తీరు వేరు. ఫ్రెంచి ఇల్లు వీధికి వీపు పెట్టి కూర్చుంటుంది. ఎత్తయిన గోడ, పెద్ద తలుపు, లోపలికి వెళ్తే తోట, తోటను చూస్తూ స్తంభాల వరండా. లోపల కాలం ఎలా గడుస్తుందో వీధివారికి తెలియదు. తమిళ ఇల్లు అందుకు ఎదురు: ముందు వీధిని ఆనుకుని ‘తాళ్వారం’ అనే చూరుపంచ, దాని లోపల ‘తిణ్ణై’, అంటే మన అరుగు. ఇంటివారు వాలిందీ, దారిన పోయేవారు సేద తీరిందీ అక్కడే. కోస్తా ఊళ్లలో పెంకుటిళ్ల అరుగులు చూసినవారికి ఇది కొత్త కాదు. ఆనందరంగ పిళ్లై ఇంట్లో ఈ రెండు తీరులూ కలిశాయి. కింద తమిళ పద్ధతిలో చెక్క స్తంభాలు, పైన ఫ్రెంచి పద్ధతిలో గచ్చు స్తంభాలు. మధ్యాహ్నం దుకాణాలు మూసి, ఎండ చల్లారాక తెరిచే అలవాటు రెండు పేటలకూ ఒకటే. వేడి ప్రాంతాల్లో ఇది సహజమే గానీ, చుట్టుపక్కల ఊళ్లు మానేసినా ఇక్కడి పాత దుకాణాల్లో చాలా వాటికి ఇంకా పోలేదు.

ఇంత విశ్రాంతి అందరికీ దక్కిందనుకోవడం పొరపాటు. 19వ శతాబ్దంలో పుదుచ్చేరి నీలి అద్దకపు బట్ట సెనెగల్ దాకా వెళ్లేది. నేత మిల్లులు వచ్చాయి. సవానా మిల్లు, రోడియర్ మిల్లు వేలమందికి పనిచ్చాయి. పని గంటలు పదికి పైనే. వి. సుబ్బయ్య నాయకత్వంలో కార్మికులు సమ్మె కట్టారు. 1936 జూలై 30న సవానా మిల్లు దగ్గర ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపి 12 మందిని చంపారు. ఆ గొడవ పారిస్ దాకా వెళ్లింది. మరుసటి ఏడాది వచ్చిన కార్మిక శాసనంలో రోజుకు ఎనిమిది గంటల పనికి ఒప్పుకోక తప్పలేదు. సముద్రపు ఒడ్డున సాయంత్రం నడిచే హక్కు మిల్లు కూలీకి ఆ నెత్తురుతో వచ్చింది. పుదుచ్చేరి తీరిక గురించి రాసేవారు ఈ పేజీని తిప్పేసి పోతుంటారు. ఊరి చరిత్రలో అంతకన్నా పెద్ద అన్యాయం లేదు.

ఊరికి రెండో జన్మ ఇచ్చింది శరణు కోరి వచ్చినవారు. బ్రిటిషువారి వారెంటు చెల్లని చోటు కాబట్టి 1908లో సుబ్రహ్మణ్య భారతి వచ్చి పదేళ్లున్నాడు. 1910 ఏప్రిల్ 4న అరవింద ఘోష్ ఓడ దిగాడు. రాజకీయాల నుంచి తప్పుకుని మరి కదల్లేదు. 1914లో తొలిసారి వచ్చిన మీరా అల్ఫాసా 1920 ఏప్రిల్ 24న స్థిరపడడానికి తిరిగొచ్చింది. 1926 నవంబరులో అరవిందుల ఆశ్రమం రూపుదిద్దుకుని, దాని నిర్వహణ అంతా ఆమె చేతికి వచ్చింది. ఆమెనే సాధకులు ‘శ్రీమాత’ అన్నారు. తెల్లవారి పేటలో ధర తగ్గిన పాత ఇళ్లను ఆశ్రమం ఒక్కొక్కటిగా తీసుకుని బాగు చేయించింది. ఆ వీధుల్లో నేడు కనిపించే బూడిద రంగు గోడలు చాలా వరకు ఆశ్రమానివే. ఫ్రెంచి పేట పాడుబడకుండా నిలవడంలో వారి పాలు తక్కువేమీ కాదు.

ఆశ్రమం కట్టించిన వాటిలో గోల్కొండె ముచ్చట తెలుగు పాఠకులకు తెలియాలి. సాధకులు ఉండడానికి ఓ వసతిగృహం కావలసి వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో పెద్ద పదవిలో ఉండి, తరువాత దివానైన సర్ అక్బర్ హైదరీకి అరవిందుల మీద గౌరవం. ఆయన పూనికతో నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయలు వచ్చాయి. ఆ కృతజ్ఞతతో ఇంటికి గోల్కొండ వజ్రపు గనుల పేరు, ఫ్రెంచి పలుకుబడిలో, పెట్టారు. వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ చెక్ దేశంలో పుట్టి, అమెరికా పౌరుడై, జపాన్‌లో పేరు తెచ్చుకున్నవాడు. ఆయన తరఫున పని చూడడానికి వచ్చిన జార్జ్ నకాషిమా ఆశ్రమంలోనే సాధకుడై సుందరానంద అన్న పేరు పొందాడు. తరువాతి రోజుల్లో అమెరికాలో గొప్ప వడ్రంగి శిల్పిగా ప్రసిద్ధికెక్కాడు. మరొకతను ఫ్రాంతిషెక్ సామర్, అంతకుముందు లె కార్బూజియే దగ్గర పనిచేశాడు. కూలీలలో చాలామంది ఆశ్రమవాసులే. తలుపుల బిళ్లలూ పిడులూ పోత పోయడానికి ఆశ్రమంలోని పాత ఇత్తడి గిన్నెలు కరిగించారని చెబుతారు. 1930లలో మొదలైన పని యుద్ధకాలంలో సామాన్లు దొరక్క సాగుతూ, 1940లలో గానీ ముగియలేదు.

మనదేశంలో ఆధునిక ధోరణిలో లేచిన తొలి కాంక్రీటు భవనాల్లో ఒకటిగా ఇప్పుడు వాస్తు విద్యార్థులు దీన్ని చదువుతారు. అంతకన్నా ముఖ్యం అది విశ్రాంతి కోసమే ఆలోచించి కట్టినది కావడం. ఉత్తర దక్షిణాలకు గోడలే లేవు. నిలువునా అడ్డ పలకల వరుసలు. పిడి తిప్పితే అవి గాలికి తెరుచుకుంటాయి, వానకు మూసుకుంటాయి. పైకప్పు మీద వంపు పలకలు మరో పొరగా పరిచి, నడుమ గాలి ఆడేలా వదిలారు. గదికీ వసారాకూ మధ్య జరిపే టేకు తలుపులు, వాటి సందుల్లోంచి గాలి వస్తుంది గానీ చూపు పోదు. కింద మెరుగుపెట్టిన నల్లరాతి నేల, ఒక మంచం, ఒక బల్ల. ఏసీ అక్కర్లేదు, తెరలు అక్కర్లేదు. లోపల మాట్లాడేది మెల్లగా, నడిచేది మెల్లగా. ఇది హోటలు కాదు, ఆశ్రమ సాధన చేసేవారికే గది ఇస్తారు. కాబట్టి దీన్ని బయటి నుంచి చూసి సంతోషించాల్సిందే.

బయటివారికి ఆశ్రమపు అతిథిగృహాలు వేరే ఉన్నాయి. వాటి కట్టుబాట్లు సత్రం రోజులను గుర్తుచేస్తాయి: మద్యం, పొగ కూడదు, రాత్రి పదిన్నరకు గేటు మూస్తారు. ఆశ్రమం నడిబొడ్డున 1930లో నాటిన పసుపుపచ్చ పూల చెట్టు కింద అరవిందుల సమాధి ఉంది. ఆయన 1950లో, శ్రీమాత 1973లో పోయారు, ఇద్దరి సమాధీ అదే. అక్కడ మాట వినిపించదు, ఫోను తీయనివ్వరు. ఊరికి పది కిలోమీటర్ల దూరంలో, 1968 ఫిబ్రవరి 28న ప్రారంభమైన ఆరోవిల్ అనే అంతర్జాతీయ పట్టణంలో, మాతృమందిరం అనే ధ్యానమందిరపు లోపలి గదిలోనూ ఇదే నియమం.

వసంతం అనే మాట తగే రోజులు ఇక్కడ ఫిబ్రవరి 21 నుంచి ఏప్రిల్ 24 దాకా. ఆ రెండూ ఆశ్రమంలో దర్శన దినాలు: మొదటిది శ్రీమాత పుట్టినరోజు, రెండోది ఆమె స్థిరపడడానికి వచ్చిన రోజు. చాలా ఏళ్లలో వాటి నడుమే మాసి మఖం వస్తుంది. తమిళుల మాసి నెలలో మఖా నక్షత్రం నాడు మైలం సుబ్రహ్మణ్య స్వామి మొదలు చుట్టుపక్కల ఊళ్ల ఉత్సవ మూర్తులన్నీ పల్లకీల మీద వైతిక్కుప్పం ఒడ్డుకు వచ్చి సముద్రస్నానం చేస్తాయి. దేవుళ్లు కూడా ఏడాదికోసారి బీచికి వచ్చే ఊరు ఇది. ఆ రోజు మాత్రం ప్రశాంతత అడగకూడదు.

1954 నవంబరు 1న పాలన భారత్‌కు మారింది. 1962లో చట్టపరంగా విలీనం పూర్తయింది. కూర్ షాబ్రోల్ స్థానిక నాయకుడు ఎడువార్డ్ గూబేర్ పేరిట గూబేర్ అవెన్యూ అయింది. 1952 తుపానులో పాత రేవు వంతెన కొట్టుకుపోయింది.   ఒడ్డుకు పెద్ద దెబ్బ మాత్రం మనిషి చేసిందే. 1980ల చివర అరియాంకుప్పం మొగ దగ్గర హార్బరు కోసం రాతి కట్టలు కట్టడంతో దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆగిపోయి, బీచి కరిగిపోయింది. నల్ల బండరాళ్లు పోసి రోడ్డును కాపాడుకున్నారు. పాతికేళ్లకు పైగా ‘బీచి లేని బీచి రోడ్డు’గా ఉండి, నీటి అడుగున కట్టిన కృత్రిమ దిబ్బ పుణ్యమా అని 2018, 2019ల తరువాత కొంత ఇసుక తిరిగొచ్చింది.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు బాగుపడ్డాక చెన్నై మూడు గంటల దూరమైంది. మద్యం చవక. శని, ఆదివారాల్లో ఊరు కార్లతో కిక్కిరుస్తుంది. పాత ఇళ్లు హోటళ్లు అయ్యాయి, కొన్ని కూలిపోయాయి. 1984 నుంచి వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ శాఖ ఇక్కడ పనిచేస్తూ ఇంటివారికి మరమ్మతులు నేర్పింది. 2002 ప్రాంతంలో యూరోపియన్ యూనియన్ సాయంతో వైశ్యాళ్ వీధిలోని అరుగులూ చూరుపంచలూ తిరిగి రూపు తెచ్చుకున్నాయి.

సముద్రపు దారిని సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా పోలీసులు వాహనాలకు మూసేస్తారు. ఆ వేళల్లో ఒకటిన్నర కిలోమీటరు దారి పూర్తిగా నడిచేవారిదే. వెళ్లదలచినవారు దర్శన దినాలనూ, శని, ఆదివారాలనూ తప్పించి, మార్చి మొదట్లో వారం మధ్యన వెళ్లడం మేలు. అతిథిగృహాల్లో గది ముందే కుదుర్చుకోవాలి.